అటకెక్కిన బాలింత



మంచు కరిగి, చెట్లు చిగురు వేసే రోజుల్లో మన నేపర్‌విల్ తెలుగు ఇళ్లలో తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "రాత్రిపూట మా ఇంటి పైకప్పులో ఎవరో నడుస్తున్నారండీ, ఏం చెయ్యాలి?" అని. ఇవాళ దాని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన భాషలో ఏదైనా పని అటకెక్కిందంటే ఇక అది కదలదని అర్థం. ఇక్కడ అటకెక్కేవి మాత్రం మహా చురుకైనవి. అవే రకూన్లు. కళ్ల చుట్టూ దొంగ ముసుగులాంటి నల్ల పట్టీ, తోక మీద చారలు. ఇవి మన దేశంలో లేవు. రాత్రి తిరిగే అలవాటు చూసి పునుగుపిల్లి గుర్తుకొస్తుంది గాని, రెంటికీ దగ్గర చుట్టరికం లేదు. చేతులతో గీకేది, తడిమేది అని అర్థం వచ్చే ఒక ఆదివాసుల మాట నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. ఆ చేతులతోనే ఇది చెత్తడబ్బా మూత తీస్తుంది, కుళ్లిన చెక్క పీకుతుంది, ప్లాస్టిక్ వెంటు చీలుస్తుంది. నాలుగంగుళాల సందు దొరికితే చాలు, లోపలికి దూరిపోగలదు.

ముందు చప్పుడుని బట్టి ఎవరో తెలుసుకోవాలి. పగటిపూట పరుగులు వినబడితే ఉడతలు కావచ్చు. రాత్రి సన్నగా గోకుతుంటే ఎలుకలు. రాత్రి బరువుగా, మనిషి అడుగుల్లా వినబడితే రకూనే అనుకోవచ్చు. వాటితోపాటు పక్షిపిల్లల కూతల్లాంటివి వినిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి. పైన పిల్లలున్నాయన్నమాట. మన ఇల్లినాయ్‌లో రకూన్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో ఈనుతాయి. పిల్లలు తల్లి వెంట బయటికి నడవడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది.

మా ఇంట్లో కూడా ఒక మే నెలలో ఇదే జరిగింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మేడమీది గదిలో పడుకునేది. ఆ కూతలు మొదట విన్నది ఆవిడే. మర్నాడు ఒక పనివాణ్ణి పిలిస్తే, "కన్నం మూసేస్తాను, సాయంత్రానికి మీకు బెడద ఉండదు" అన్నాడు. అమ్మకి విషయం చెప్పాను. "బాలింతని బయట పెట్టి తలుపేస్తావుట్రా? పిల్లల్ని తీసుకుని వెళ్లనీ. వెళ్లాక గట్టిగా వేసుకో" అంది.

వన్యప్రాణుల సంగతి తెలిసినవాళ్లు చెప్పేదీ సరిగ్గా ఇదే. తల్లి బయట ఉండగా కన్నం మూస్తే లోపల పిల్లలు ఆకలితో చచ్చిపోతాయి. తల్లి ఊరుకోదు. పిల్లల కోసం ఇంకో చోట పైకప్పు చీలుస్తుంది. బోను పెట్టి తల్లిని పట్టుకెళ్లినా పిల్లల గతి అంతే. పైగా రాష్ట్ర సహజవనరుల శాఖ అనుమతి లేకుండా బోను పెట్టకూడదు. పట్టినదాన్ని తీసుకెళ్లి అటవీ సంరక్షణ స్థలాల్లో వదలడం కూడా తప్పే. జబ్బులు ఊరంతా పాకేది అలాగే. కనక ఆ శాఖ ఇచ్చిన అనుమతి పత్రం ఉన్నవాళ్లనే పిలవండి. పిల్లలున్నాయేమో చూశాకే పని మొదలుపెట్టమని గట్టిగా చెప్పండి.

మరి తల్లిని ఎలా పంపాలి? దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం. ఆ రెండూ లేకుండా చేస్తే చాలు. అటక తలుపు దగ్గర ఒక దీపం, మనుషులు మాట్లాడే రేడియో పెట్టాలి. మా ఇంట్లో తెలుగు ప్రసంగాలే పెట్టాం. నా ప్రసంగం విని ఇల్లు ఖాళీ చేసిన మొదటి శ్రోత అదేనని మా ఆవిడ అంటుంది. తల్లికి సాధారణంగా ఇంకో గూడు ఎక్కడో ఉంటుంది. రాత్రిపూట ఒక్కొక్క పిల్లనే నోట కరచుకుని తీసుకెళుతుంది. మా అటకలోది నాలుగో రాత్రి కదిలింది. తొందరపెట్టడానికి మీరు పైకెక్కకండి. పిల్లల తల్లి మీద పడుతుంది.

ఖాళీ అయిందో లేదో తెలుసుకోవడానికి కన్నంలో వార్తాపత్రిక ఉండచుట్టి కూరండి. వాన, చలి లేని రోజుల్లో రెండు మూడు రాత్రులు అది కదలకపోతే, కూతలూ వినబడకపోతే, లోపల ఎవరూ లేనట్టే. అప్పుడు అరంగుళం గళ్ల దళసరి ఇనుప వలతో మూయించండి. ఉత్త చెక్క, నురుగు పనికిరావు. పొగగొట్టానికి ఇనుప టోపీ పెట్టించండి. కప్పు మీదికి వాలిన కొమ్మలు కొట్టించండి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది బాగా వినాలి. రకూన్లు ఒకేచోట మలవిసర్జన చేస్తాయి. అందులో ఒకరకం ఏలికపాము గుడ్లుంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి అంటుకునే దశకు వస్తాయి. కనపడినదల్లా నోట్లో పెట్టుకునే పసివాళ్ల కడుపులోకి పోతే మెదడుకీ కళ్లకీ ప్రమాదం. బ్లీచ్‌కి ఆ గుడ్లు చావవు, మరిగే నీళ్లకి చస్తాయి. అటకలో నీళ్లు పొయ్యలేం కనక, చీపురుతో దుమ్ము రేపకుండా, పాడైన ఇన్సులేషన్‌తో సహా తెలిసినవాళ్లచేత తీయించండి.

ఒకదాన్ని వదిలించుకుని కన్నం వదిలేస్తే ఇంకొకటి వస్తుంది. జర్మనీలో 1934లో ఎడెర్ సరస్సు దగ్గర రెండు జంటల్ని అడవిలో వదిలారు. ఇవాళ ఆ దగ్గర్లోని కాసెల్ నగరంలో ఇళ్ల అటకల్లో రకూన్లు కాపురాలుంటున్నాయి. ఇది ఎక్కడైనా బతకగల ప్రాణి. డుపేజ్ నది, దాని ఒడ్డున చెట్లు ఉన్న మన ఊరు దానికి పుట్టిల్లే. పెరట్లో పక్షులకని వేసిన అన్నం, మూతలేని చెత్తడబ్బా చూపిస్తే పిలిచి పీట వేసినట్టే.

శీతాకాలం రాకముందే, పిల్లలు పెద్దవై తిరిగే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంటి చుట్టూ తిరిగి ఒకసారి కప్పు అంచులు చూసుకోండి. వదులైన పలకలు, విరిగిన వెంట్లు అప్పుడే బాగుచేయించండి. మూసేముందు మాత్రం లోపల ఎవరైనా ఉన్నారేమో వినండి.