కరెంటు పోయిన రాత్రి కూడా ఆస్పత్రి పనిచేయాలి

(ఆదివాసీ యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను పోడు పట్టాల గురించి మాట్లాడటం లేదు. జీవో నంబర్ 3 గురించీ మాట్లాడటం లేదు. వాటి మీద చాలా మాట్లాడాం, ఇంకా మాట్లాడతాం. ఈరోజు బ్యాటరీ గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన పీహెచ్‌సీలో ఒక మంచి బ్యాటరీ ఉందా లేదా అన్నది మన అక్కచెల్లెళ్ల ప్రాణానికి సంబంధించిన విషయం.

డోలీ మోత ఫొటోలు మీరందరూ చూశారు, షేర్ చేశారు. గర్భిణిని డోలీలో వాగు దాటిస్తాం, గుట్ట దిగుతాం, ఎలాగోలా రోడ్డు ఎక్కిస్తాం. ఫొటో అక్కడితో అయిపోతుంది. ఆ తల్లి ఆస్పత్రికి చేరాక ఏం జరిగిందో ఏ ఫొటోలోనూ ఉండదు. అక్కడ కరెంటు లేకపోతే ఏమవుతుంది? సెల్‌ఫోన్ లైటు పట్టుకుని కాన్పు చేస్తారు. పుట్టిన బిడ్డకు వెచ్చదనం ఇచ్చే వార్మర్ పనిచేయదు. బిడ్డకు ఊపిరి అందకపోతే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఆన్ కాదు, సిలిండర్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్ ఆగి చాలా రోజులు వేడిలో ఉండిపోతే ఆ మందు సీసాలో ఉంటుంది గానీ దాని బలం తగ్గిపోతుంది. పైకి చూస్తే ఎవరికీ తెలియదు.

టీకాలు పెట్టే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ మామూలు ఫ్రిజ్ కంటే గట్టిది. రోజుకి 8 గంటలు కరెంటు వచ్చినా చల్లదనం నిలుపుకుంటుంది. కానీ ఆ 8 గంటలు కూడా రాని రోజులు మనకు కొత్త కాదు కదా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ గుర్తు తెచ్చుకోండి. స్తంభాలు వరసగా నేలకొరిగాయి. పట్నాలకే కరెంటు రావడానికి రోజులు పట్టింది. కొండ మీది ఊళ్ల వంతు ఆ తర్వాతే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఎటపాక వైపు ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. లైన్లు నీళ్లలో ఉన్నప్పుడు కరెంటు ఆపేస్తారు, ఆపాలి కూడా, లేకపోతే జనం షాక్ కొట్టి చస్తారు. అంటే వరదలో కరెంటు పోవడం అనుకోని ప్రమాదం కాదు. ముందే తెలిసిన సంగతి. ముందే తెలిసినదానికి ముందే ఏర్పాటు ఎందుకు లేదు? ఇదే నా ప్రశ్న.

ఇంకో సంగతి చెప్పాలి. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం 1080 మెగావాట్లు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఇవన్నీ మన అడవి, మన నీళ్లు, మన బొగ్గు ఉన్న చోట్లే ఉన్నాయి. పెద్ద తీగలు మన ఊళ్ల మీదుగానే పోతాయి. మనం అడుగుతున్నది అందులో ఎంత? లెక్క వేద్దాం. ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రాత్రి 8 గంటలు నడిస్తే 3 యూనిట్ల లోపు. వార్మర్ 600 వాట్లు అనుకుంటే రెండు గంటలకు 1.2 యూనిట్లు. పది ఎల్‌ఈడీ బల్బులు పన్నెండు గంటలు వెలిగితే ఇంకో 1.2. ఫ్రిజ్ కాక మొత్తం ఐదారు యూనిట్లు. ఒక తల్లీ బిడ్డా ఆ రాత్రి గడపడానికి కావాల్సింది అంతే. పట్నంలో ఒక ఏసీ రాత్రంతా తాగే కరెంటు అది.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. చాలా ఆఫీసుల మీద, ఆస్పత్రుల మీద సోలార్ పలకలు కనిపిస్తాయి. "మీకు సోలార్ ఇచ్చాం కదా" అంటారు. ఆ పలకలు గ్రిడ్‌కి కలిపినవైతే, బ్యాటరీ లేకపోతే, లైను కరెంటు పోగానే అవి కూడా ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్‌ని అలాగే తయారు చేస్తారు. అది తప్పు కాదు. అది బిల్లు తగ్గించే సోలార్. మనకు కావాల్సింది ప్రాణం కాపాడే సోలార్. రెండింటికీ తేడా బ్యాటరీ. కాబట్టి పలకలు చూసి తృప్తి పడకండి, బ్యాటరీ ఎక్కడ అని అడగండి. బ్యాటరీ లేకుండా ఎండతోనే నడిచి, చల్లదనాన్ని మంచు రూపంలో దాచుకునే టీకా ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. వాటి గురించీ అడగండి.

ఇది అయ్యే పనేనా అంటారు. మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ చూడండి. అక్కడ మన కోయ చుట్టాలే ఉన్నారు, మన అడవి లాంటి అడవే ఉంది. అక్కడి ప్రభుత్వ సంస్థ క్రెడా 2012 నుంచి 2016 మధ్య 570 పీహెచ్‌సీలకు ఒక్కోదానికి 2 కిలోవాట్ల సోలార్, బ్యాటరీలు పెట్టింది. సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ 2017లో దాన్ని పరిశీలించింది. కరెంటు సరిగా లేని, సోలార్ కూడా లేని పీహెచ్‌సీలతో పోలిస్తే, సోలార్ ఉన్నవాటిలో నెలకు కాన్పులు దాదాపు రెట్టింపు అయ్యాయని తేలింది. ఔట్ పేషెంట్లు కూడా సగం పైగా ఎక్కువ. ఎందుకంటే లైటు ఉన్న చోటికి జనం ధైర్యంగా వస్తారు, నర్సమ్మ కూడా రాత్రి ఉంటుంది.

సరే, డబ్బు ఎక్కడిది? "నిధులు లేవు" అనే మాట మనకు అలవాటైపోయింది. ఒక్కో సంచీ విప్పి చూద్దాం.

మొదటిది, విపత్తు నివారణ నిధి. తుపాను వచ్చాక బియ్యం, టార్పాలిన్ ఇచ్చేది సహాయ నిధి. రాకముందే నష్టం తగ్గించే పనులకు వేరే నిధి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కి రాష్ట్రాలన్నిటికీ కలిపి 1,60,153 కోట్లు లెక్కగట్టి, అందులో 20 శాతం నివారణకే అని విడదీసింది. అంటే 32 వేల కోట్లు. వరద మండలంలో ఆస్పత్రికి బ్యాటరీ పెట్టడం నివారణ కాకపోతే ఇంకేది నివారణ?

రెండోది, మన ఉపప్రణాళిక. ఆంధ్రలో 2013 చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం. జనాభా దామాషాలో ఎస్టీలకు బడ్జెట్ పక్కన పెట్టాలని ఉంది. రాజ్యాంగం 275(1) అధికరణ కింద కేంద్రం ఇచ్చే గ్రాంటు దీనికి అదనం.

మూడోది, జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం సవరించి పెట్టారు. గని వల్ల నష్టపోయిన ఊళ్లకోసమే ఆ డబ్బు. వైద్యం అందులో ముందు వరసలో ఉన్న అవసరం. బొగ్గు తవ్విన జిల్లాలో బొగ్గు డబ్బుతో ఆస్పత్రికి దీపం పెట్టమంటున్నాం.

నాలుగోది, కొత్త పథకాలు. 2023 నవంబర్‌లో పీఎం జన్‌మన్ మొదలైంది, 24,104 కోట్లు. కొండరెడ్లు, చెంచులు, కొలాములు, తోటీలు లాంటి 75 పీవీటీజీ తెగలకోసం. 2024 అక్టోబర్ 2న ధర్తీ ఆబా అభియాన్, 79,156 కోట్లు. రెండింటిలోనూ సోలార్‌కి చోటుంది. కానీ జన్‌మన్‌లో లైను లేని ఇంటికి 50 వేల వరకు, బహుళ ప్రయోజన కేంద్రానికి లక్ష అని పెట్టారు. లక్ష రూపాయలతో నాలుగు లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి. కాన్పుల గది నడవదు. ఆ తేడా ఎవరు భరిస్తారో అడగాలి.

ప్రపంచం లెక్క కూడా చెప్తాను. 2023లో డబ్ల్యూహెచ్‌వో, ప్రపంచ బ్యాంకు మరి రెండు సంస్థలు కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లో దాదాపు 100 కోట్ల మందికి కరెంటు సరిగా లేని లేదా అసలు లేని ఆస్పత్రులే దిక్కు అని అందులో ఉంది. ఇది మన ఒక్క ఏజెన్సీ గోడు కాదు. ప్రభుత్వ డబ్బు పెట్టకుండా ఏ కంపెనీ వచ్చి దీన్ని తీర్చదు. కొండ మీది కాన్పు గదిలో లాభం ఏముంటుంది?

ఇప్పుడు అసలు జబ్బు చెప్తాను. డబ్బు కొనడానికి ఇస్తారు, నడపడానికి ఇవ్వరు. నేను చూసిన ఒక పీహెచ్‌సీలో పలకలున్నాయి, వాటి మీద తీగ పాకింది. లోపల బ్యాటరీలు ఉబ్బిపోయి మూలన పడి ఉన్నాయి. బయట జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. రికార్డులో మాత్రం మూడూ ఉన్నాయి. లెడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లే వస్తుంది. లిథియం అయితే పదేళ్ల దాకా రావచ్చు, ధర ఎక్కువ. ఏది పెట్టినా ఒకరోజు మార్చాల్సిందే. మార్చే డబ్బు మొదటి రోజే పక్కన పెట్టకపోతే, మనం కొన్నది సోలార్ కాదు, ప్రారంభోత్సవం. ఛత్తీస్‌గఢ్‌లో పని నిలబడింది అంటే పెట్టిన సంస్థే నిర్వహణ కూడా చూసుకుంది కాబట్టి. మన ఐటీఐ చదివిన పిల్లలు ఎంతమంది ఖాళీగా ఉన్నారు? మండలానికి ఇద్దరికి నేర్పించి నెల జీతం ఇస్తే, బ్యాటరీకి నీళ్లు పోయడానికి విశాఖ నుంచో వరంగల్ నుంచో మనిషి రానక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. లెక్క మే నెల ఎండకి వేస్తారు. మనకు కష్టం వచ్చేది ఆగస్టు ముసురులో. రెండు మూడు రోజులు ఎండ లేకపోయినా నిలిచేంత బ్యాటరీ అడగాలి. ఎత్తులో పెట్టమని అడగాలి. వరదలో మునిగే గదిలో ఇన్వర్టర్ పెడితే ఏం లాభం?

"డాక్టరే లేనప్పుడు బ్యాటరీ ఎందుకు?" అని కొందరు అన్నలు అడుగుతారు. న్యాయమైన మాటే. డాక్టర్ కావాలి, రోడ్డు కావాలి, టవర్ కావాలి. టవర్‌కి కరెంటు పోతే 108కి ఫోనే పోదు. ఒకటి వచ్చేదాకా ఇంకోటి అడగొద్దంటే మాత్రం ఏదీ రాదు. "సోలార్ ఇచ్చి లైను ఎగ్గొడతారు" అనే భయం కూడా ఉంది. అది నిజమైన భయమే. అందుకే మన డిమాండ్ కాగితం మీద స్పష్టంగా రాద్దాం: లైను కావాలి, లైను పోయినప్పుడు నిలబడే ఏర్పాటూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది ఆపొద్దు.

ఇక మీరు ఏం చేయాలి? ఈ నెలలోనే మీ పీహెచ్‌సీకి వెళ్లండి. గొడవకి కాదు, తెలుసుకోవడానికి. సిస్టరమ్మని "అక్కా" అని పిలిచి అడగండి, ఆమె కూడా మనలాగే చీకట్లో కష్టపడుతోంది. పోయిన నెలలో కరెంటు ఎన్ని గంటలు పోయింది? ఫ్రిజ్ ఉష్ణోగ్రత రిజిస్టర్ ఉందా? బ్యాటరీ ఏ సంవత్సరానిది? జనరేటర్ చివరిసారి ఎప్పుడు నడిచింది? డీజిల్ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది? రాసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి.

తర్వాత గ్రామసభ. పీసా చట్టం 1996 నుంచి ఉంది. ఊరి ప్రణాళికను గ్రామసభ ఆమోదించాలి. పంచాయతీ ఖర్చు పెట్టిన డబ్బుకి వినియోగ ధ్రువీకరణ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. పీహెచ్‌సీ డబ్బు పంచాయతీ చేతిలో ఉండకపోవచ్చు. అయినా తీర్మానం చేయండి. ఐటీడీఏ పీవోకి, కలెక్టర్‌కి పంపండి. అందులో మూడు మాటలు ఉండాలి: ఏ నిధి నుంచి, పదేళ్ల నిర్వహణకి ఎంత, ఏడాదికి ఒకసారి గ్రామసభ ముందు బ్యాటరీ పరీక్ష. మెయిన్ స్విచ్ ఆపి, కాన్పు గదిలో లైటు వెలుగుతుందో లేదో ఊరందరూ చూడాలి. అంతకంటే మంచి ఆడిట్ లేదు.

వానాకాలం మళ్లీ వస్తుంది. గోదావరి మళ్లీ పెరుగుతుంది, సముద్రంలో మళ్లీ వాయుగుండం లేస్తుంది. అది మన చేతిలో లేదు. ఆ రాత్రి మన ఆస్పత్రిలో దీపం ఉంటుందా లేదా అన్నది మాత్రం ఇప్పుడు, వేసవిలో, బడ్జెట్ కాగితాల మీద తేలిపోతుంది. ఆ కాగితాలు మనం కూడా చదువుదాం. చదువుకున్నది అందుకే కదా.

జై ఆదివాసీ.