రెండు వైపులా మనవాళ్లే



అంతర్యుద్ధం అంటే అమెరికా పాఠం అనుకుంటాం. నేనూ బీఈడీలో అలాగే చదివాను. కానీ మన చింతలపూడి నుంచి భద్రాచలం దాటి వెళ్తే బస్తర్ వస్తుంది. 2005లో అక్కడ మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం లేచింది. దాన్ని నడిపిన మహేంద్ర కర్మ ఆదివాసీ. అవతల దళాల్లో తుపాకీ పట్టినవాళ్లలో ఎక్కువమందీ ఆదివాసులే. ప్రభుత్వం నెలకు 1,500 రూపాయలిచ్చి మన కుర్రాళ్లనే ఎస్పీవోలుగా పెట్టుకుంది. ఊరి దారులు తెలిసినవాడే ఊరిమీదికి వెళ్లాడు. జుడుం వాళ్లు ఇళ్లు తగలబెట్టి జనాన్ని శిబిరాలకు తోలారు. శిబిరంలో చేరినవాణ్ణి మావోయిస్టులు ద్రోహి అని చంపారు. ఎటూ చేరనివాడికి నిలువ నీడ లేదు. అలాంటివాళ్లు వేలమంది మనవైపు వచ్చేశారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ ఎస్పీవోల పద్ధతి చెల్లదంది. 2013లో కర్మను మావోయిస్టులు చంపారు.

వచ్చినవాళ్లను మనం 'గొత్తికోయలు' అంటాం. ఆ మాట ఏ గొంతుతో అంటామో మనకే తెలుసు.

మా హాస్టల్లో అలాంటి ఇంటి పిల్ల ఒకతి ఉంది. తల్లి మామిడి తోటలో కూలికి వెళ్తుంది. మొదట్లో మన పిల్లలే ఆమె పక్కన కూర్చోలేదు. ఒకరాత్రి ఆమె నిద్రలో ఏదో మాట్లాడితే మా కోయ పిల్ల లేచి వచ్చి, "మేడం, అది మా అవ్వ మాటలాగే ఉంది" అంది.

ఆ పిల్లకు కుల ధ్రువపత్రం ఇంకా రాలేదు. డిగ్రీ చదివినవాళ్లెవరైనా ఆదివారం వస్తే, అర్జీ రాద్దాం.