‘‘పనిచెయ్యడం లేదు’’ అంటే చాలదు



పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ‘‘వీడికి ఒంట్లో బాగాలేదండీ’’ అని ఊరుకుంటామా? ఎప్పటినుంచి కాస్తోంది, ఏం తిన్నాడు, ఏ మందు వేశాం, అన్నీ పూసగుచ్చినట్లు చెబుతాం. మరి గ్రంథాలయంలో కంప్యూటరుకు జబ్బు చేస్తే?

ఆ మధ్య మా అనుమసముద్రంపేట నుంచి బస్సెక్కి ఒక గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ పుస్తకాల రాకపోకలన్నీ కంప్యూటరులోనే నమోదు చేస్తారు. ఆరోజు అది మొరాయించింది. పోటీ పరీక్షకు చదువుతున్న అమ్మాయి ఒకతె, బీరువాలో పుస్తకం కనబడుతున్నా ఇంటికి తీసుకుపోలేక నిలబడివుంది. ‘‘వారంనుంచి కంపెనీవాళ్లకు చెబుతూనే వున్నామమ్మా’’ అన్నారు గ్రంథపాలకులు. ఏమని చెప్పారని అడిగాను. ‘‘పనిచెయ్యడం లేదని!’’ అన్నారాయన.

అవతలివాళ్లూ తక్కువ తినలేదు. ఫోను చేసిన ప్రతిసారీ కొత్తమనిషి పలికి మొదటినుంచి అడగటమేనట. చివరకు ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని కబురు కూడా వచ్చిందట!

ఆ పూట ఆయన ఒక కాగితంమీద రాశారు. ఏ రోజునుంచి ఆగింది? ఒక్క యంత్రంలోనా, అన్నింటిలోనా? ఏ పని చేయబోతే ఆగుతోంది? తెరమీద ఏ మాటలు కనబడుతున్నాయి? అంతకుముందు ఏం జరిగింది? రాస్తుంటే ఆయనకే తట్టింది – కరెంటు పోయివచ్చిన మర్నాటినుంచే ఈ తిప్పలు. పుస్తకం వెతకడం బాగానే వుంది, ఇవ్వబోతేనే ఆగుతోంది. తెర ఫోటో జతచేసి పంపారు. రెండోరోజుకల్లా బాగైంది. కానీ పుస్తకం చేతికందేసరికి ఆ అమ్మాయి పరీక్షకు నాలుగు రోజులే మిగిలాయి.

కంపెనీవారికీ ఒక మాట. ఫిర్యాదుకు ఒక నంబరు, చూసే మనిషి పేరు, ఎన్నాళ్లలో అవుతుందో ఆ గడువు చెప్పండి. గ్రంథాలయంవారు సరేననేదాకా ‘పరిష్కారమైంది’ అని రాయకండి. తెలుగులో మాట్లాడండి. గ్రంథాలయాలవారు ఈ షరతులను ఒప్పందంలోనే రాయించుకోవాలి సుమా!

ఇద్దరూ కలిసి కూర్చుంటే ఏమవుతుందో న్యూజిలాండులో చూశారు. హొరొవెనువా అనే ప్రాంతపు గ్రంథాలయంలోని పాత ప్రోగ్రాము 2000 సంవత్సరాన్ని తట్టుకోలేదని తేలింది. అప్పుడు అక్కడివారు తమకేం కావాలో చెప్పి, ‘కోహా’ అనే కొత్తదాన్ని చేయించుకున్నారు. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. దాన్ని ప్రపంచానికి ఉచితంగానే ఇచ్చారు. మన దేశంలోనూ ఎన్నో గ్రంథాలయాలు వాడుతున్నాయి.

ఇంకొకటి. గ్యాసు అయిపోతే ఆ పూట పిల్లల్ని పస్తుంచుతామా? కట్టెల పొయ్యి వెలిగిస్తాం. కంప్యూటరు ఆగితే గీతల నోటుపుస్తకంలో రాసుకుని పుస్తకం ఇవ్వవచ్చు కదా!

ఇదంతా మనకెందుకంటారా? 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నది మనమే. ఈసారి గ్రంథాలయంలో ‘పనిచెయ్యడం లేదు’ అంటే వెనుదిరగకండి. ‘‘ఏమని రాసి పంపారండీ?’’ అని నెమ్మదిగా అడగండి.