ఆరువందల గజాల గీత

పట్టాలందుకున్న ఆర్కిటెక్టులకు, ప్లానర్లకు అభినందనలు.

ఇకపై మీ బల్ల మీదికి వచ్చే చాలా ప్రాజెక్టులకు ‘గ్రీన్’ అన్న ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఇచ్చే చల్లదనం ఎవరికి అని అడగండి.

ఎండను తిప్పికొట్టే పూత వంటివాటితో ఇంటి కప్పును చల్లగా ఉంచేందుకు తెలంగాణ 2023లో కూల్‌రూఫ్ విధానం తెచ్చింది. మంచి పనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ అది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇంటికి మాత్రం యజమాని ఇష్టం. మే నెలలో రేకుల కింద ఉడికిపోయేవాళ్లకు 600 గజాలెక్కడివి? అద్దెకుంటే ఆ ఇష్టం కూడా ఓనరుదే. అన్నిటికన్నా ఎక్కువ కాలే కప్పే నిబంధనకు బయట మిగిలింది.

చల్లదనాన్ని పేదలకూ అందించిన ఉదాహరణ కావాలంటే, ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి 1980ల్లో రూపొందించిన అరణ్య కాలనీని చూడండి. సుమారు 6,500 ప్లాట్లు. అతి పేదలకు 35 చదరపు మీటర్ల స్థలం, అందులో పునాది, నీళ్లు, మరుగుదొడ్డి. పైన గదులు డబ్బు చేతికొచ్చినప్పుడల్లా వాళ్లే వేసుకోవాలి. ఇళ్లను గోడకు గోడ ఆనించడంతో ఎండ తగిలే గోడలు తగ్గాయి, ఉమ్మడి గోడ వల్ల కట్టుబడి ఖర్చూ తగ్గింది. ఇంటిముందు అరుగు నీడనిచ్చింది, కబుర్లకూ చిన్న కొట్టుకూ చోటిచ్చింది. పెద్ద ప్లాట్లు అమ్మిన డబ్బుతో పేదల ప్లాట్ల ధర దించారు. పర్యావరణానికో ఫైలు, సంక్షేమానికో ఫైలు అని వేరు చేయలేదు. 1995లో దానికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. కాలక్రమంలో కొందరు పేదలు ప్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయారన్నదీ నిజమే. భూమి ధర పెరిగితే డ్రాయింగు ఆపలేదు, పాపం.

ఇల్లు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. హైదరాబాద్ శివార్లలో కొల్లూరులో పేదల కోసం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. ఇల్లు అక్కడ, కూలి పని నగరంలో అయితే రోజూ బస్సుకయ్యే డబ్బు, రోడ్డు మీద వదిలే పొగ, రెండూ ఆ ఇంటి లెక్కలోవే. చాలా అంచనా పట్టికల్లో ఆ గడి ఉండదు.

మీలో కొందరు మున్సిపాలిటీల్లో టౌన్‌ప్లానింగ్ సీట్లో కూర్చుంటారు. కూల్‌రూఫ్ తప్పనిసరి గీతను 600 గజాల నుంచి కిందికి దించమని నోట్ రాయడానికి పెద్ద పదవి వచ్చేదాకా ఆగక్కర్లేదు. పూత ఖర్చు ఎవరు భరించాలో కూడా అందులోనే రాయండి. లేకపోతే ఓనరు దాన్ని మరుసటి నెల అద్దెలో కలుపుతాడు.