గాలిలో గుద్దులెందుకు?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన హాలులో ఆదివారం నడిచే కరాటే క్లాసు గురించి నాలుగు మాటలు చెప్పమని సెక్రటరీగారు ఆదేశించారు. నేను కరాటే మాస్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఆదివారం హాలు తాళం తీయడం, హాజరు రాయడం నా పని. అక్కడికి వచ్చే తండ్రులు నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "మాస్టర్ సాబ్, మా పిల్ల నెల రోజులుగా గాలిలో గుద్దుతోంది. ఎదురుగా మనిషే లేడు. ఇదేం విద్య? ఫైటింగ్ ఎప్పుడు నేర్పుతారు?"

ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కమిటీలో కూడా కొందరు, ఈ "కటా" అనేది తగ్గించి పోటీ ఫైటింగే నేర్పితే మన పిల్లలకు మెడల్స్ వస్తాయి కదా అంటున్నారు. వచ్చే సంవత్సరం క్లాసు ఎలా నడపాలో ఈ నెలలోనే తేల్చుకోవాలి. అందుకని నేను విన్నది, చదివింది, ఆ హాలు గుమ్మంలో కూర్చుని చూసింది మీ ముందు పెడుతున్నాను.

కటా అంటే పతంగి తెగినప్పుడు మన మేడలమీద పిల్లలు అరిచే "కాటా" కాదు. జపాను భాషలో రూపం, నమూనా అని అర్థం. అడ్డుకోవడం, గుద్దడం, తన్నడం, తిరగడం, వీటన్నిటినీ ఒక వరుసలో పేర్చి, ఒంటరిగా చేసే అభ్యాసం. మొదలుపెట్టే పిల్లలకు చాలా క్లాసుల్లో మొదట నేర్పేది హెయాన్ షోదాన్. అందులో 21 కదలికలు. నేల మీద ముగ్గుపిండితో దాని దారి గీస్తే ఇంగ్లీషు ఐ అక్షరంలా ఉంటుంది. ఒక నిమిషం కూడా పట్టదు.

1973లో "ఎంటర్ ది డ్రాగన్" వచ్చిన తరువాత మన దేశంలో ఊరూరా కరాటే పిచ్చి పట్టింది. తరువాత మన తెలుగు సినిమాల్లో భానుచందర్, సుమన్ వచ్చారు. కరాటే అంటే ఎగిరి తన్నడమే అని మనకు అలవాటయింది అక్కడే. కాని ఆ విద్య పుట్టిన ఒకినావా ద్వీపంలో సంగతి వేరు. పూర్వం అక్కడ గురువులు దీనిని చాటుగా నేర్పేవారు. పుస్తకాలు రాసి పెట్టుకొనే అలవాటు తక్కువ. నేర్చినదంతా శిష్యుడి ఒంట్లో దాచిపెట్టాలి. కటాయే వాళ్ళకు పుస్తకం.

ఇక్కడ నాబోటి బడిపంతులుకు ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. కరాటేను చాటు నుండి బడి మైదానంలోకి తెచ్చినవాడు ఇతోసు అంకో అనే ఒకినావా ఉస్తాద్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడిపిల్లల కోసం పాత కటాలను సులువు చేసి "పినాన్" అనే ఐదు కటాలు కూర్చాడు. మన పిల్లలు చేసే హెయాన్ అదే, పేరు మారింది. 1908లో కరాటేను బడులలో నేర్పమని విద్యాధికారులకు ఉత్తరం కూడా రాశాడు. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ స్వయంగా బడిపంతులే. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి జపాను అంతటికీ కరాటేను పరిచయం చేశాడు. యాభైమంది పిల్లలకు ఒక్క మాస్టరు ఉన్నచోట జతలు కట్టి కొట్టుకోమంటే ఏమవుతుందో మనకందరికీ తెలుసు. లెక్క చెబుతూ కటా చేయిస్తే ఎవరి పళ్ళూ రాలవు.

అయితే ఈ సౌకర్యంలోనే ఒక చెడ్డ కూడా జరిగింది. బడిపిల్లలకు వరుస నేర్పారు, వరుసలోని అర్థం అన్నిచోట్లా నేర్పలేదు. అందువల్ల చాలా క్లాసుల్లో కటా ఒట్టి డ్రిల్లయి కూర్చుంది. అర్థం తెలియక ఎక్కాలు రట్టా కొట్టే పిల్లవాణ్ణి నేను రోజూ చూస్తాను. పన్నెండో ఎక్కం గడగడ అప్పగిస్తాడు, డజను అరటిపండ్ల లెక్క అడిగితే నోరు తెరుస్తాడు. తప్పు ఎక్కంది కాదు.

మా చిన్నతనంలో తఖ్తీ రాయించేవారు. మట్టి పూసి ఆరబెట్టిన పలక మీద రెల్లు కలంతో అలిఫ్ గీయాలి. అలిఫ్ ఎంత పొడవో నుఖ్తాలతో కొలిచేవారు. వారాల తరబడి అదే అలిఫ్, అదే బే. ఉత్తరం ఎప్పుడు రాస్తామని ఎవరైనా అడిగితే ఉస్తాద్ నవ్వేవారు. చెయ్యి ఒకసారి కుదిరాక తొందరలో రాసినా అక్షరం చెడదు. కటా కూడా చేతికి, కాలికి పెట్టే తఖ్తీయే. భయం వేసినప్పుడు బుర్ర పని చేయదు, అప్పుడు ఒంటికి అలవాటైనదే బయటికి వస్తుంది. మన తాలీమ్‌ఖానాల్లోనూ అంతే కదా. కుస్తీ మట్టిలో దిగేముందు బార్కాస్ పహిల్వాన్లయినా దండ్, బైఠక్ ఒంటరిగానే తీస్తారు. వాళ్ళను చూసి గాలితో కుస్తీ అని ఎవరూ నవ్వరు.

ఇప్పుడు అసలు ఉపయోగం. హెయాన్ షోదాన్‌లో నాలుగో కదలిక చూడండి. ముందు చాచిన కుడి చేతిని పిల్ల తన వైపు లాక్కుంటుంది, ముందు కాలు కూడా కొంచెం వెనక్కి వస్తుంది, ఆ చెయ్యే పైనుంచి గుండ్రంగా తిరిగి సుత్తిలా పడుతుంది. గాలిలో చూస్తే అర్థం లేని ఆట. ఇప్పుడు ఆ మణికట్టును ఒకడు పట్టుకున్నాడనుకోండి. ఎంత బలమైన పట్టయినా బొటనవేలు ఉన్నవైపు సందు ఉంటుంది. ఆ సందులోంచి, చేతి బలంతోనే కాక ఒళ్ళంతా వెనక్కి వేసి లాగితే చెయ్యి ఊడుతుంది. ఊడిన పిడికిలి వాడి ముఖం మీదకో, మళ్ళీ పట్టుకోవచ్చిన ముంజేతి మీదకో దిగుతుంది. బస్‌స్టాపులో, ట్యూషన్ దారిలో ఆడపిల్లకు ఎదురయ్యేది ఇలాంటి పట్టే. బాక్సింగ్ ఫోజులో నిలబడి "రా" అని పిలిచేవాడు ఎదురవడు.

ఇంకొకటి. గుద్దినప్పుడల్లా రెండో చెయ్యి నడుము దగ్గరికి ఎందుకు లాక్కోవాలి? ముఖం కాపుకోవలసిన చెయ్యిని అక్కడ దాచడం మూర్ఖత్వం అని మా మేనల్లుడు వాదిస్తాడు. చెయ్యి ఖాళీగా ఉంటే వాడన్నది నిజమే. కాని ఆ చేతిలో ఎదుటివాడి చొక్కా చెయ్యి ఉందనుకుంటే లెక్క మారుతుంది. వాణ్ణి లాగుతూ కొడుతున్నాం, వాడు తూలుతూ దెబ్బకు ఎదురు వస్తున్నాడు. పైకెత్తే అడ్డు కూడా అంతే. దగ్గరగా ఉన్నప్పుడు అదే ముంజెయ్యి గడ్డం కింద తగిలే దెబ్బ. ఈ అర్థం విప్పడాన్ని వాళ్ళు "బుంకాయ్" అంటారు.

మెడల్స్ సంగతికి వస్తాను. పోటీ ఫైటింగును నేను తక్కువ చేయను. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టులో ఈజిప్టు అమ్మాయి ఫరియాల్ అష్రఫ్ అందులోనే బంగారు పతకం గెలిచింది. ఆ దేశంలో ఒలింపిక్ బంగారం గెలిచిన మొదటి స్త్రీ ఆమె. కాని అదే పోటీల్లో సౌదీ కుర్రవాడు తారిఖ్ హామిది ఫైనల్లో 4-1తో ముందుండి, తలకు తగిలిన తన్నుతో ఇరాన్ వాడు సజ్జాద్ గంజ్‌జాదేను స్పృహ తప్పేలా కొట్టాడు. దెబ్బ అదుపు తప్పిందని హామిదిని డిస్‌క్వాలిఫై చేశారు, స్పృహ తప్పినవాడికి బంగారం వచ్చింది. ఆట నియమం అది, సరైనదే. మోచేత్తో, మోకాలితో కొట్టకూడదు, తెరిచిన చేత్తో ముఖం మీద కొట్టకూడదు, గొంతు ముట్టకూడదు. అంటే ఆపదలో ఆడపిల్లకు అక్కరకొచ్చేవి చాలా వరకు పోటీలో నిషేధం. అవి దాగి ఉన్నది కటాల్లోనే.

కటాలో కూడా మెడల్స్ ఉన్నాయని కమిటీవారికి గుర్తు చేస్తాను. టోక్యోలో పురుషుల కటా బంగారం ఒకినావావాడు కియునా ర్యో గెలిచాడు. స్త్రీలలో స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్ గెలిచింది, అప్పటికి ఆమె వయసు 39. పర్దా వెనుక ఉన్న తల్లులు ఈ అంకె మరొకసారి వినాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కరాటేనే తీసేశారు, అది వేరే విచారం.

మన ఇళ్ళ సంగతి మీకు చెప్పనక్కరలేదు. రెండు గదులు, ఆరుగురు మనుషులు. ఆడపిల్ల రోజూ హాలుకు రాలేదు, జతకు తోడు దొరకదు. మంచం నిలబెట్టి, రెండు అడుగుల చోటులో, అడుగు ముందుకు వేసి మళ్ళీ వెనక్కి వేస్తూ కటా చేసుకోవచ్చు. ఖర్చు లేదు, చప్పుడు లేదు. కింది వాటావాళ్ళు పోట్లాటకు రారు.

అయినా కటా ఒక్కటే చాలు అనేవాళ్ళ మాట నమ్మకండి. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, ఎప్పుడు కదులుతాడు, మీద పడితే గుండె ఎలా కొట్టుకుంటుంది, ఇవి గాలి నేర్పదు. ప్రతి కటా ముక్కనూ నిజంగా మణికట్టు పట్టుకునే తోడుతో చేసి చూడాలి, రోజురోజుకు పట్టు బిగించాలి. అరవడం నేర్పాలి. కటాలో వేసే కేక అందుకే, మన ఆడపిల్లలు దానికే ఎక్కువ సిగ్గుపడతారు. కత్తి కనబడితే పర్సు, ఫోను పారేసి పరుగెత్తాలి, 100కు ఫోన్ చేయాలి. అక్కడ ఏ కటా పనికిరాదు.

చట్టం కూడా కాస్త తెలియాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెబుతాయి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే. పట్టు విడిపించుకున్నాక, వాడు పారిపోతుంటే వెంటపడి కొడితే ఆ హక్కు వర్తించదు.

కటాకు ముందు వంగడం గురించి ముగ్గురు నలుగురు తండ్రులు అడిగారు. మన క్లాసులో మాస్టరుగారితో మాట్లాడాము. పిల్లలు నిటారుగా నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టి సలాం చెప్పి మొదలుపెడుతున్నారు. ఆయనకు అభ్యంతరం లేదు. ఫొటోకు దండం పెట్టించడం మన హాలులో లేదు.

నా విన్నపం ఇది. కటా తీసేయవద్దు. క్లాసు గంటన్నరలో అరగంట కటా, అరగంట దాని అర్థం జతలతో, మిగతాది ఫైటింగు, పరుగు. ఆడపిల్లలకు ఆడ మాస్టరు కావాలి. మన నగరంలోనే సయ్యదా ఫలక్ లాంటి కరాటే క్రీడాకారిణి తయారైంది కాబట్టి, నేర్పగల ఆడవాళ్ళు దొరకరు అనే మాట నేను ఒప్పుకోను. ఫీజు కట్టలేని ఇళ్ళ పిల్లల భారం జకాత్ మీద వేయకుండా సభ్యుల చందాలోంచి తీయాలని కూడా మనవి. పడడం నేర్పడానికి కింద వేసుకోను నాలుగు పాత పరుపులు కావాలి. ఎవరి ఇంట్లోనైనా ఉంటే అసర్ తరువాత హాలుకు పంపించండి, తాళం నా దగ్గరే ఉంటుంది.