తుఫాను ముందు దొరికే రెండు రోజులు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సమాఖ్య లీడరు చేసిన ప్రసంగం)

విపత్తు సమయంలో రోగుల సేవ అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. కాగితం మీద చూస్తే పెద్ద పేరు. మన మాటల్లో చెప్పాలంటే, గాలివాన వచ్చినప్పుడు ఇంట్లో మంచం పట్టినవాళ్లని ఎవరు చూడాలి, ఏటి చెయ్యాలి అన్నదే.

అక్టోబరు అంటేనే మనకి గుండె దడ. 2013లో ఫైలిన్ 12వ తారీఖున వచ్చింది. మరుసటేడు హుద్‌హుద్ అదే తారీఖున వచ్చింది. 2018లో తిత్లీ 11న, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు, తెల్లారకుండానే పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడితోటల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నష్టం అధికారులు వచ్చి రాసుకున్నారు. నేను చెప్పేది ఆ పుస్తకాల్లో లేనిది.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఎక్కడుంది చెప్పండి? డయాలసిస్ మీద ఉన్న మనిషి వారానికి రెండు మూడుసార్లు మిషను మీదికి వెళ్లాలి. తిత్లీ అప్పుడు మా వీధిలో ఒక మావయ్యకి గురువారం వంతు. ఆ రోజే తుఫాను. రోడ్డు నిండా చెట్లు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆదివారానికి ఆయనకి ఒళ్లంతా నీరొచ్చేసింది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చున్నారు. చివరికి కుర్చీకి కర్రలు కట్టి, నలుగురు కుర్రాళ్లు పడిపోయిన చెట్ల మీంచి మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లారు. బతికారు. కానీ బుధవారం మధ్యాహ్నం దాకా ఆటోలు తిరిగాయి కదా. ఆ రోజే వెళ్లి ఉంటే ఆయన మామూలుగా డయాలసిస్ చేయించుకుని ఇంటికి వచ్చేసేవారు.

వాతావరణ శాఖ 48 గంటల ముందే పసుపు రంగు హెచ్చరిక ఇస్తుంది, 24 గంటల ముందు నారింజ రంగుది ఇస్తుంది. మనం నారింజ దాకా ఆగకూడదు. పసుపు రంగు అని తెలిసిన వెంటనే డయాలసిస్ సెంటరుకి ఫోను చేసి, వంతు ముందుకి జరపమని అడగాలి. అందరూ ఆఖరి రోజున వెళ్తే మిషన్లు చాలవు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, సంతోషం. దారిలో చెట్టు పడితే మాత్రం పలాస కూడా దూరమే.

అందుకని మా గ్రామ సమాఖ్యలో ఈ ఏడు ఒక పేర్ల పుస్తకం పెట్టాం. డయాలసిస్ వాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, ఇన్సులిన్ వాళ్లు, లేవలేని ముసలివాళ్లు. గర్భిణుల తారీఖులు ఆశా వర్కరు దగ్గర ఉంటాయి. ప్రతి పేరు ఎదురుగా ఇద్దరు సభ్యుల పేర్లు రాశాం, ఆ మనిషిని బయల్దేరదీసే పని వాళ్లది. మందుల చీటీ, ఆరోగ్యశ్రీ కార్డు, వారానికి సరిపడా మాత్రలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టించాం. యానిమేటరు మూడు నెలలకోసారి పుస్తకం సరిచూస్తుంది. చనిపోయినవాళ్ల పేరు కొట్టేసేటప్పుడు బాధేస్తుంది గాని, కొట్టకపోతే పుస్తకం పనికిరాదు.

ఇప్పుడు షెల్టరు సంగతి. తుఫాను వెళ్లాక మన దగ్గర పుష్కలంగా దొరికేది కొబ్బరి బొండమే. పడిపోయిన చెట్ల కింద గుట్టలుగా ఉంటాయి. దాహం వేస్తుందని ప్రేమగా కొట్టి ఇస్తాం. డయాలసిస్ వాళ్లకి అది ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ, మిషను లేక అది ఒంట్లోనే ఉండిపోతే గుండె ఆగిపోవచ్చు. అరటిపండు కూడా అంతే. పులిహోర పొట్లాం, పచ్చడి వద్దు, ఉప్పుకి దాహం పెరిగి నీళ్లు తాగేస్తారు. ఒళ్లు నొప్పులకని ఎవరో ఇచ్చిన మాత్ర డాక్టరుని అడక్కుండా మింగనివ్వకండి, కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి.

విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలిచి కలిపి ఇవ్వాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. కిడ్నీ వాళ్లకి ఇది కూడా అడిగే ఇవ్వాలి. కరెంటు లేకపోతే ఇన్సులిన్‌ని పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, డబ్బాతో సహా అందులో ఉంచి తడిగుడ్డ కప్పండి. ఐసులో పెట్టొద్దు, గడ్డకడితే పారెయ్యడమే. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు. కాలు కదలకుండా చూసి ఆసుపత్రికే తీసుకెళ్లాలి. రేకులు, మేకులు గుచ్చుకున్నవాళ్లు టెటనస్ ఇంజెక్షను వేయించుకోవాలి.

అసలు తగువు డబ్బు దగ్గర వచ్చింది. ముందే పంపడానికి ఆరోగ్య పొదుపులోంచి ఆటో కిరాయి ఇద్దామంటే కొందరు అక్కలు ఒప్పుకోలేదు. తుఫాను ఒడిశా వైపు మళ్లిపోతే డబ్బు దండగే కదా అన్నారు. న్యాయమైన మాటే, చాలాసార్లు మళ్లుతుంది కూడా. అయినా నాకు అది దండగ అనిపించదు. డయాలసిస్ ఎలాగూ చేయించుకోవాలి, ఒక రోజు ముందు జరిగిందంతే. గర్భిణి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వస్తుంది. అదే చెట్లు పడ్డాక ట్రాక్టరు కట్టి తీసుకెళ్తే, ఆ అప్పు కోసం ఆ ఇంటివాళ్లు మళ్లీ మన సంఘం దగ్గరికే వస్తారు. రెండు మీటింగులు వాదించుకుని, చివరికి పసుపు రంగు హెచ్చరిక ఉంటేనే ఇవ్వాలి, రసీదు తేవాలి అని రాసుకున్నాం.

మండల సమాఖ్యని నేను అడిగేది రెండే. అన్ని గ్రామ సమాఖ్యల్లో ఈ పేర్ల పుస్తకం సెప్టెంబరు నెలాఖరుకి సిద్ధం కావాలి. కిరాయి డబ్బు మీటింగు కోసం ఆగకుండా అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకాలతో అదే రోజు ఇచ్చేలా తీర్మానం చెయ్యాలి. షెల్టరు గోడ మీద 108, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లు రంగుతో రాయించడం మా సంఘం చూసుకుంటుంది. తీర్మానం పుస్తకం ఈ సభలోనే ఉంది కాబట్టి, ఈ రోజే రాయమని కోరుతున్నాను.