పసుపు వ్యాపారము – మన గ్రాట్యుటీ డబ్బు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆర్థికాభివృద్ధి, స్వయం ఉపాధి, వ్యాపార నిర్వహణ అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. పోచంపాడ్ ప్రాజెక్టు కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన గుమాస్తాను. ఎంత వచ్చింది, ఎంత పోయింది, సాయంత్రానికి చేతిలో ఎంత నిల్వ ఉంది – క్యాష్ బుక్కు నాకు నేర్పినవి ఈ మూడు సంగతులే. వాటితోనే మన పసుపు గురించి మాట్లాడతాను.

పసుపు గురించే ఎందుకంటే, మన ఇళ్ళలో ఇప్పుడు నడుస్తున్న చర్చ అదే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. అదే ఏడు జూన్ 29న నిజామాబాదులో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. అప్పటినుంచి ఆర్మూరు, బాల్కొండ వైపు ఏ పెన్షనర్ ఇంటికి వెళ్ళినా కొడుకో, అల్లుడో, మనుమడో "పసుపు పొడి యూనిట్ పెడతాను" అంటున్నాడు. ఆ మాట వెనకాలే రెండో మాట వస్తుంది: "నాన్నా, మీ గ్రాట్యుటీ బ్యాంకులో ఊరికే ఉంది కదా!" ముందు వరసలో కూర్చున్న మిత్రులు కొందరు నవ్వుతున్నారు. వారి ఇంట్లో కూడా ఈ మాట వచ్చిందని నాకు తెలుసు.

మన ప్రాంతానికి తెలివి, కష్టం కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. 1963 జూలై 26న నెహ్రూ గారు ఇక్కడ గోదావరి మీద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 42 గేట్ల శ్రీరాంసాగర్ లేచింది. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పోయింది. లక్ష్మి కాలువ మన దగ్గరి పొలాలకు వచ్చింది. కాలువ నీరు పారని చోట కూడా దాని ఊటతో బావులు నిండాయి. రైతు ఆ నీటిని వృథా చేయలేదు. జూన్‌లో విత్తనపు పసుపు నాటి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, కడాయిలో ఉడికించి, కల్లంలో రెండు వారాలు ఎండబోసి, డ్రమ్ములో వేసి మెరుగు పట్టి మార్కెట్టుకు తెచ్చాడు. అయిదు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఉడికి ఎండితే సుమారు ఒక క్వింటాలు మిగులుతుంది. ఇంత పని తెలిసిన మనిషికి పంట పండించడం రాదని ఎవరనగలరు?

మరి ఇబ్బంది ఎక్కడ? అది నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో కనపడుతుంది. కాడి ఒక కుప్ప, గోళ ఒక కుప్ప. హమాలీ, దడువాయి, అడ్తిదారు, ఖరీదుదారు అందరూ అక్కడే ఉంటారు. రాష్ట్రం నలుమూలల పసుపు ఒకే రెండు మూడు నెలల్లో వచ్చి పడుతుంది. సరుకు కుప్పలు పడితే ధర దిగుతుందని చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. అయినా రైతు అప్పుడే ఎందుకు అమ్ముతాడు? టమాటా అయితే కుళ్ళిపోతుంది గనక అర్థం చేసుకోవచ్చు. ఎండిన పసుపు కొమ్ము పదిలంగా ఉంచితే ఏడాదైనా ఉంటుంది. చెడేది సరుకు కాదు, రైతు గడువు. తవ్వినందుకు, ఉడికినందుకు కూలి ఇవ్వాలి. బ్యాంకు కిస్తీ ఉంది. అడ్తిదారు దగ్గర ముందే చేబదులు తెచ్చి ఉంటాడు. ఇంట్లో పెళ్ళి ఉంటుంది. తక్‌పట్టీ చేతికి రాగానే డబ్బు మూడు చోట్లకు పోతుంది. ఖరీదుదారుకు గోదాము ఉంది, బ్యాంకు లిమిట్ ఉంది, ఫోన్లో సాంగ్లీ ధర, ఈరోడ్ ధర ఉన్నాయి. ఆయన ఆగగలడు, రైతు ఆగలేడు. ధరలో తేడా అంతా ఈ ఆగడంలోనే ఉందని నా అభిప్రాయం.

కొందరు రైతులు లారీలు మాట్లాడుకొని అయిదారు వందల కిలోమీటర్ల దూరంలో మహారాష్ట్రలోని సాంగ్లీకి సరుకు తీసుకుపోతారు. దేశంలో పసుపు వాయిదా వ్యాపారానికి మూల కేంద్రంగా పెట్టుకున్నది మన నిజామాబాదునే. కాగితం మీద దేశానికంతటికీ ధర చెప్పే ఊరు మనది, మన ఊరి రైతేమో మంచి ధర వెతుక్కుంటూ పరాయి రాష్ట్రం పోవాలి. ఈ విచిత్రాన్ని ఏ ఫైలులో నోట్ చేయాలో నాకు తెలియదు.

ధర ఎలా ఊగిందో చూడండి. 2010-11లో క్వింటాలు 15 వేలు దాటింది. 2019 నాటికి అయిదు వేల దగ్గర కొట్టుకుంది. 2024లో మళ్ళీ 15 వేలు దాటింది. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర హైవే మీద రైతులు బైఠాయించి 15 వేల మద్దతు ధర అడిగారు. అదే ఏడు పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఎన్నికల డ్యూటీ చేసిన మనవాళ్ళను అడగండి, కథలు కథలుగా చెబుతారు.

ఆగే శక్తిని రైతుకు ఇవ్వాలని మన ప్రభుత్వాలు అసలు ఆలోచించలేదనడం తప్పు. మార్కెట్ కమిటీల ద్వారా రైతుబంధు అని ఒక పథకం ఉండేది. 2018లో వచ్చిన ఎకరా సాయం వేరు, ఇది వేరు. సరుకును మార్కెట్ గోదాములో పెడితే, దాని విలువలో ముప్పాతిక వంతు దాకా, ఆరు నెలల వరకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చేవారు. ఎంత చక్కని పథకం! కానీ ఒక్కొక్కరికి ఇచ్చే మొత్తానికి పరిమితి ఉండేది, గోదాములు చాలేవి కావు, అప్పటికే అడ్తిదారుకు బాకీపడ్డ రైతు సరుకును గోదాముకు తోలగలిగేవాడు కాదు. మార్కెట్ కమిటీలో పనిచేసి రిటైరైన మిత్రులు ఈ సభలో ఉన్నారు, నాకంటే బాగా చెప్పగలరు.

ఇక ఇదే ఆర్మూరు పక్కన అంకాపూర్ సంగతి. అంకాపూర్ అనగానే అందరికీ దేశీకోడి కూర గుర్తొస్తుంది. ఫోను చేస్తే కోడి వండి అన్నంతో సహా కట్టి ఇస్తారు. అదీ వ్యాపారమే, బాగా నడిచే వ్యాపారం. కానీ ఆ ఊరు నిలదొక్కుకున్నది విత్తనాల మీద. సజ్జ, జొన్న, మక్క విత్తనాలు కంపెనీలకు ఒప్పందం మీద పండిస్తారు. ఊళ్ళోనే విత్తన శుద్ధి కేంద్రాలు పెట్టుకున్నారు. పచ్చి మక్క కంకులు, కూరగాయలు ఆడవాళ్ళే తెచ్చి అమ్మే అంగడి అక్కడిది. గ్రామాభివృద్ధి కమిటీ గట్టిది. విత్తు వేయకముందే ధర మాట్లాడుకోవడం వారికి అలవాటు. పంట చేతికొచ్చాక బేరానికి కూర్చునేవాడికీ, విత్తనం వేయకముందు కూర్చునేవాడికీ ఉన్న తేడా అది.

అలాగని ఒప్పంద వ్యవసాయం అమృతం అని నేననను. మన దగ్గర పండే ఎర్రజొన్న ఉత్తరాదికి పశుగ్రాసపు విత్తనంగా పోతుంది. 2008లో ఎర్రజొన్న డబ్బులు రైతులకు రాక, ఆర్మూరులో ఆందోళన పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది. ఆ బకాయిలు చివరకు 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది. ఆరేళ్ళు! ధర ముందే మాట్లాడుకున్నారు, డబ్బుకు హామీ ఎవరిదో మాట్లాడుకోలేదు. మన ఆఫీసుల్లో కాంట్రాక్టరు దగ్గర ధరావతు జమ కట్టించుకోనిదే అగ్రిమెంటు మీద సంతకం అయ్యేది కాదు. ఆ చిన్న పద్ధతి రైతుకూ వ్యాపారికీ మధ్య ఎందుకు ఉండకూడదు?

ఈ విషయంలో ఆఫ్రికాలోని కెన్యా దేశం ఒకటి చేసింది. అక్కడ చిన్న రైతుల తేయాకు కోసం 1964లో ఒక సంస్థను పెట్టారు. కాలక్రమంలో ఫ్యాక్టరీల్లో రైతులే వాటాదార్లయ్యారు. ఆకు ఇచ్చినందుకు నెలనెలా కొంత డబ్బు, ఏడాది అమ్మకాలు తేలాక మిగిలింది బోనస్‌గా ఇస్తారు. అంటే మనకు నెల జీతం వచ్చినట్టు రైతుకు ఇల్లు గడుస్తుంది, పైన లాభంలో వాటా ఉంటుంది. అక్కడా యాజమాన్యం మీద రైతుల ఫిర్యాదులు, తగవులు ఉన్నాయి. అయినా ఆగే శక్తి రైతుకు ఎలా వస్తుందో అది చూపించింది.

పసుపు బోర్డు మీద మనకు ఆశలు ఉండటం న్యాయమే. కాని ఒక్క సంగతి తెలిసి ఉండాలి. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు, బోర్డు వచ్చినంత మాత్రాన చేరలేదు. బోర్డు పని పరిశోధన, నాణ్యత, ఎగుమతుల ప్రోత్సాహం. 2022-23లో మన దేశం 11.61 లక్షల టన్నుల పసుపు పండించింది. ఎగుమతి చేసింది 1.53 లక్షల టన్నులు, దానికి వచ్చింది 20 కోట్ల 74 లక్షల డాలర్లు. నేను భాగించి చూశాను, కిలోకు సగటున డాలరు 35 సెంట్లు. ప్రపంచ పసుపు వ్యాపారంలో అరవై శాతం పైన మనదే. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సి.ఎస్.ఐ.ఆర్. వారు వాదించి 1997లో రద్దు చేయించారు. పేటెంటు గెలిచాం గాని ధర ఇంకా గెలవలేదు. విదేశీ కొనుగోలుదారు ఇప్పుడు కుర్‌కుమిన్ శాతం అడుగుతాడు, తేమ అడుగుతాడు, మందుల అవశేషాలు, సీసం ఉన్నాయేమో పరీక్ష చేయిస్తాడు. పరీక్ష కాగితం లేని సరుకు ఎంత పచ్చగా ఉన్నా అతనికి అక్కరలేదు.

ఇప్పుడు మన ఇంటి లెక్కకు వస్తాను. మా తోటి ఉద్యోగి కుమారుడు ఒకతను యూనిట్ కాగితాలు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. చక్కగా టైపు చేయించాడు. గ్రైండర్ ఎంత, ప్యాకింగ్ మిషను ఎంత, షెడ్డు ఎంత, పైసలతో సహా ఉంది. మొత్తం ఎనిమిది లక్షలు. 2020లో కేంద్రం పెట్టిన చిన్న ఆహార పరిశ్రమల పథకం కింద 35 శాతం సబ్సిడీ, అంటే 2 లక్షల 80 వేలు వస్తుందని రాశాడు. అంతా బాగుంది. "నాయనా, పసుపు ఎక్కడ?" అన్నాను. అతనికి అర్థం కాలేదు.

నెలకు 20 క్వింటాళ్ళు పొడి చేస్తానన్నాడు. ఏడాదికి 240. పసుపు చవకగా దొరికేది సీజనులోనే కాబట్టి అప్పుడే కొని పెట్టుకోవాలి. క్వింటాలు 12 వేలు అనుకున్నా 28 లక్షల 80 వేలు. మిషనుకు మూడు రెట్లు పైన! పొడి కిరాణా కొట్లకు అమ్మితే రెండు నెలల ఉద్దెర తప్పదు. క్వింటాలు పొడికి 15 వేలు చొప్పున రెండు నెలల సరుకంటే ఆరు లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి. ఇంకా 120 క్వింటాళ్ళు నిల్వ ఉండగా ధర రెండు వేలు పడిపోయిందనుకోండి, 2 లక్షల 40 వేలు పోయినట్టే. సబ్సిడీ దాదాపు అంతా ఆ ఒక్క దెబ్బలో కొట్టుకుపోతుంది. ఇంతసేపూ మనం రైతు గురించి అనుకున్న మాటే ఇక్కడా వర్తిస్తుంది. ఆగలేనివాడు రైతయితే సరుకును, యూనిట్ వాడయితే యూనిట్‌నే అమ్ముకోవలసి వస్తుంది.

ఆ అబ్బాయి తెలివైనవాడు. కోపం తెచ్చుకోకుండా కాగితాలు మళ్ళీ రాశాడు. మొదట సొంత సరుకు పెట్టుకోకుండా, రైతులు, దుకాణదారులు తెచ్చిన పసుపును కూలికి పొడి కొట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. సరుకు వారిది, ధర భయమూ వారిదే. ఇతనికి కిలోకు ఇంత అని వస్తుంది. ఇప్పుడు తన పేరుతో కొద్దిగా ప్యాకెట్లు కూడా వేస్తున్నాడు, మూడు నెలల సరుకుకు మించి కొనడు. తండ్రి గ్రాట్యుటీలో మూడో వంతు మాత్రమే తీసుకున్నాడు, అదీ స్టాంపు కాగితం మీద అప్పుగా. తండ్రీకొడుకుల మధ్య కాగితమేమిటని ఇంట్లో ఆడవాళ్ళు నొచ్చుకున్నారట. నాకైతే అది మర్యాదగానే కనపడింది.

పెన్షన్ అంటే ఒకటో తారీఖున వచ్చేది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మళ్ళీ వచ్చేవి కావు. నేను చూసినంతలో, పిల్లలకు లేదు అని చెప్పలేక మొత్తం ఇచ్చిన ఇళ్ళున్నాయి, ఒక్క పైసా ఇవ్వక పిల్లల్ని గల్ఫుకు పంపి ముసలితనంలో ఒంటరిగా ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. రెంటికీ మధ్య ఎంత ఇవ్వాలో ఎవరింటి లెక్క వారిది. అయితే మీ ఇద్దరి మందులకు, ఒక ఆసుపత్రి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టాకే ఆ లెక్క మొదలుపెట్టండి. కాగితం మీద ఇల్లాలి చేత కూడా సంతకం చేయించండి. కుటుంబ పెన్షన్‌తో రేపు బతకవలసింది ఆమే.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. కార్యదర్శి గారి అనుమతితో ఒక్క మనవి. యూనిట్ పెట్టదలచిన పిల్లలు ఎవరైనా ఉంటే, రెండో శనివారం ఉదయం పది గంటలకు ప్రాజెక్టు కాగితాలు పట్టుకొని మన సంఘం ఆఫీసుకు రావచ్చు. మార్కెట్ కమిటీలో, బ్యాంకులో, ట్రెజరీలో చేసినవాళ్ళం నలుగురం కూర్చుని లెక్క చూస్తాం. ఫీజు ఏమీ లేదు. కాల్‌క్యులేటర్ మాత్రం తెచ్చుకోండి, ఆఫీసులో ఉన్నది పనిచేయడం లేదు.